తుపాకీ ఆగింది, కావలివాడి పొయ్యి ఆరింది

చిలేజి వానల్లో మాత్రమే ఏరు. తతిమ్మా రోజుల్లో అది ఇసుక దారి. ఆఫ్రికాలో, పటం మీద వేలు పెట్టి చూపించలేనంత మారుమూల, ఆ ఇసుకకు అటూ ఇటూ తుమ్మల అడవి ఉంది. ఆ అడవిలో ఒక ఆనవాయితీ నడిచేది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన ఆనవాయితీ. అయినా చెప్పక తప్పదు.

ఏటా ఎండలు ముదరగానే సముద్రం అవతలి నుంచి వేట దొరలు దిగేవాళ్లు. వాళ్లకు మాంసం అక్కర్లేదు. తల కావాలి. కొమ్ములున్న తల, జూలున్న తల, దంతాలున్న తల. దాన్ని ఉప్పులో వేసి, పెట్టెలో పెట్టి, ఇంటికి తీసుకుపోయి గోడకు కొట్టుకుంటారు. జంతువులు మొదట్లో పారిపోయి చూశాయి. పారిపోతే దొరలు దొరికినదాన్ని కాల్చేవాళ్లు. అది చూలుదా, పాలిచ్చేదా అని తుపాకీ అడగదు కదా! చివరికి అడవి పెద్దలు కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి ఏడూ ఒక ముసలి మగప్రాణి అడవి అంచున ఉన్న నల్లబండ దాటి దొరలు తిరిగే వైపు మేతకు పోవాలి. మిగతావాళ్లు ఇవతలే ఉండాలి. పోయినవాడు తిరిగిరాడు. ఆ ఏటికి అడవి బతికినట్టు.

ఆ ఏడు వంతు దున్న పెద్దయ్యకు వచ్చింది. ఒక కొమ్ము విరిగి, రెండోది చెట్టు మొద్దంత లావై, ఎవరి గొడవలోకీ పోకుండా బతికిన అడవిదున్న. తొలి వానలు పడుతుండగా ఆ మాట చెప్పడానికి ఏనుగుల పెద్ద చెవిచీలిక స్వయంగా వచ్చింది. ఎడమ చెవి అంచు నుంచి మొదలు దాకా చీలి ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు.

"అన్నా, ఈసారి..." అని ఆగిపోయింది.

"తెలుసులే చెల్లీ," అన్నాడు దున్న, నెమరు ఆపకుండా. "గడ్డి లేతగా ఉంది. ఇది తిన్నాక మాట్లాడదాం."

అప్పుడే పైనుంచి ఒక తెల్ల కొంగ రెక్కలు టపటపలాడిస్తూ దిగింది. ఏటా వానలకు ఉత్తరం నుంచి వచ్చే చుట్టం అది.

"ఆగండాగండి! ఇంక ఎవరూ నల్లబండ దాటక్కర్లేదు!"

"ఏం బావా, దొరలంతా ఒక్కసారే పోయారా?" అంది గిన్నెకోడి. మచ్చల గౌను వేసుకున్నట్టుండే ఆ పక్షి అడవి కావలివాళ్ల గుడారాల దగ్గర మెతుకులు ఏరుకుని బతుకుతుంది. దానికి తెలియని కబురు లేదు, కడుపులో దాచుకున్న కబురూ లేదు.

"పోలేదు. వాళ్ల దేశంలోనే చట్టం చేశారు. ఇక్కడ చంపిన తలను అక్కడి రేవులో దించనివ్వరట. తల ఇంటికి చేరకపోతే దొర ఇంత దూరం ఎందుకొస్తాడు? ఆ రోజు నేను ఆ ఊరి గడియారం మీదే కూర్చుని చూశాను. జనం వీధుల్లో ఏనుగు బొమ్మలు పట్టుకుని తిరిగారు. ఒకటే చప్పట్లు! కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు."

"ఆ తరవాత?" అన్నాడు దున్న.

"ఆ తరవాత ఏముంది? ఎవరిళ్లకు వాళ్లు పోయారు."

అడవి అడవంతా గంతులేసింది. జింకలు ఎగిరాయి, అడవిపందులు బురదలో పొర్లాయి. దున్న మాత్రం నెమరు ఆపాడు.

"నా తల నాకు మిగిలింది. సంతోషమే," అన్నాడు. "కానీ ఒక సంగతి. ఆ దొరలు ఇచ్చిన సొమ్ముతోనే కదా కావలివాళ్లకు పిండీ, బూట్లూ, బండికి నూనే వస్తున్నాయి? గిన్నెకోడీ, అబద్ధమా?"

"నిజమే తాతా. వాళ్లే అనుకుంటుంటారు."

"మరి ఇప్పుడు వాళ్ల పొయ్యి మీద ఎసరెవరు పెడతారు?"

పొద వెనక నుంచి నక్క పకపకా నవ్వింది. "విన్నారా! పెద్దయ్యకు దొర చేతిలో చచ్చే యోగం తప్పిపోయిందని దిగులు! గోడ మీద వేలాడి నలుగురికీ కనపడదామనుకున్నాడు పాపం."

అందరూ నవ్వారు. చెవిచీలిక కూడా నవ్వింది. దున్న మళ్లీ గడ్డిలోకి తల దించాడు. నవ్వుతున్నవాళ్లకు లెక్క చెప్పబోతే ఎవరికి ఎక్కుతుంది?

వానలు వెళ్లాయి. కొంగ వెళ్లింది. ఎండలు వచ్చాయి. దొరలు రాలేదు.

కావలివాళ్లు మాత్రం మడుగు ఒడ్డున గుడారాల్లోనే ఉన్నారు. వాళ్ల పెద్ద ముతాలె. పొద్దున్నే లేచి మనుషుల్ని అడవిలో నాలుగు వైపులా నడిపించేవాడు. కొండ అవతలి నుంచి ఉచ్చులవాళ్లు తీగ చుట్టలతో వస్తే తరిమేవాడు. ఇప్పుడు గిన్నెకోడి తెచ్చే కబుర్లు మారాయి.

"వాళ్లకు జీతం రాలేదట. బండి కదలడం లేదు. పిండి జావే తాగుతున్నారు, అదీ పలచగా. నాకు రాలే మెతుకు కూడా లేదు."

ఈ మాట నక్క చెవిన పడింది. ఆ సాయంత్రమే అది చెవిచీలిక పక్కన చేరింది.

"అత్తా, ఒక్క మాట అడుగుతా. కోప్పడకూడదు. దొర వేసుకునే బట్టలు ఏ రంగు?"

"ఖాకీ."

"కావలివాడివి?"

చెవిచీలిక తొండం గాల్లో ఆగిపోయింది.

"దొర చేతిలో ఏముంది? తుపాకీ. వీళ్ల చేతిలో ఏముంది? పోనీ అదీ వదిలెయ్. వంతుకు పోయిన మీ సొంత అన్నగారిని కాల్చిన రోజు దంతాలను బండికెక్కించి తాడు కట్టింది ఎవరు? నేనైతే కళ్లారా చూశాను. నువ్వు చూడలేదా?"

చూసింది. ఆ రోజును చెవిచీలిక మరిచిపోతే గదా! తాడు కట్టింది ముతాలెనే. కట్టి, చెమట తుడుచుకుని, దొర ఇచ్చిన నీళ్లు తాగాడు.

"దొర పోయాడు కానీ నౌకరును ఇక్కడే వదిలాడు," అంది నక్క, గొంతు తగ్గించి. "నీ మెడకు ఆ పట్టీ కట్టించింది కూడా వీళ్లే. కింద ఇటుకంత పెట్టె వేలాడుతోందే, అది ఊరికే ఉందా? నువ్వెక్కడుంటే అక్కడికి దారి చూపిస్తుందట. చట్టాలదేముంది, ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. దొర తిరిగొస్తే మొదట నీ దగ్గరికే వస్తాడు. నీ పక్కన మనవరాలు కూడా ఉంది మరి."

ఆ ఒక్క మాట చాలింది. చెవిచీలికకు మందలో ఎందరున్నా ప్రాణం ఆ గున్న మీదే. తల్లి కరువులో పోతే తానే పెంచుకుంది. ఆ రాత్రంతా మెడను చెట్టుకేసి రుద్దింది. బెరడు ఊడింది గానీ పట్టీ ఊడలేదు. తెల్లవారేసరికి కోపం నెత్తికెక్కింది.

మందను తీసుకుని గుడారాల మీద పడింది. నీళ్ల పీపాను కాలితో నొక్కితే ఎండు డొక్కలా అణిగిపోయింది. గుడారాల గుడ్డ చీలింది. పిండి బస్తా చిరిగి, ఉన్న కాస్తా ఇసుకపాలైంది. ముతాలె తుపాకీ ఎత్తాడు, ఎత్తి దించాడు. కాల్చలేదు. అది ఎందుకో ఆ క్షణంలో చెవిచీలికకు తట్టలేదు. కోపంలో ఉన్నవాళ్లకు ఎదుటివాడు చేసింది కనపడుతుంది గానీ చేయకుండా ఆగింది కనపడదు.

మధ్యాహ్నానికి కావలివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని ఊరి దారి పట్టారు.

"నెగ్గావత్తా!" అని నక్క చిందులేసింది.

దున్న దూరంగా నిలబడి ఆ దారి వైపే చూస్తూ ఉండిపోయాడు.

కొన్నాళ్లు అడవి హాయిగానే ఉంది. ఆ తరవాత ఒక పొద్దున జింకల మందలో ఒకటి తగ్గింది. మర్నాడు అడవిపంది. ఏ చెట్టు మొదట్లో చూసినా సన్నటి తీగ. సైకిలు బ్రేకు తీగ, కంచె నుంచి పీకిన తీగ. మేత దారికి అడ్డంగా, నీళ్ల దారికి అడ్డంగా, తల ఎత్తున ఒకటి, కాలి ఎత్తున ఒకటి. దొర తుపాకీ ఒక్కసారి మోగి ఊరుకునేది. ఈ తీగ మోగదు, ఊరుకోదు. ముసలిదని చూడదు, పిల్లదని చూడదు. ఉచ్చులవాడు మరిచిపోయి వెళ్లినా అది మాత్రం కాచుకుని కూర్చుంటుంది.

అడవిలో ఎవరూ సూటిగా నడవడం మానేశారు. ఒక అడుగు, ఒక వాసన, ఇంకో అడుగు. దాహమేసినా మడుగుకు పోవడానికి వెనకాడేవాళ్లు. తల్లులు పిల్లల మీద అరుస్తూనే ఉండేవాళ్లు. "అటు పోకే! ఆ కొమ్మ ముట్టుకోకురా!" ఎవరైనా కాసేపు కనపడకపోతే మనసు ముందు తీగ మీదికే పోయేది.

నక్క మాత్రం నున్నగా తయారైంది. డొక్కలు నిండాయి.

ఒకరోజు గున్న నీళ్ల దారిలో కీచుమంది. చెవిచీలిక పరుగెత్తుకొచ్చేసరికి దాని ముందుకాలు తీగలో ఉంది. ఏనుగులన్నీ గుంజాయి. తీగ చెట్టు దగ్గర తెగింది గానీ కాలి దగ్గర ఇంకా బిగిసింది. తోలు కోసుకుని లోపలికి పోయింది. తొండంతో విప్పబోతే గున్న గిలగిలలాడింది. నాలుగు రోజులు గడిచేసరికి కాలు మొద్దులా వాచింది. ఈగలు ముసిరాయి. గున్న చెదపుట్ట నీడలో పడుకుండిపోయింది. లేపితే లేచేది కాదు.

"అవ్వా, ఇది ఎప్పుడు వదులుతుంది?" అని అడిగేది.

చెవిచీలిక తొండంతో ఈగలను తోలేది.

గిన్నెకోడి ఒగరుస్తూ వచ్చింది. "దొడ్డమ్మా, నేనొకటి చూశాను. నోరు కుట్టేసుకుందామనుకున్నా గానీ నావల్ల కాదు. పొద్దున్నే ఉచ్చులవాళ్లు దిగితే వాళ్ల ముందు నడిచేదెవరో తెలుసా? మన నక్క! ఎక్కడ ఏ ప్రాణి తీగలో పడిందో అది అరిచి చూపిస్తోంది. వాళ్లు మాంసం కోసుకుని, పేగులు దానికి పారేస్తున్నారు."

చెవిచీలిక కొండ వైపు తిరిగింది.

"నక్క ఖాకీ రంగు చూపించింది," అంది. "నేను చూశాను. దాని డొక్క చూడలేదు."

దున్న మెల్లగా వచ్చి గున్న కాలు వాసన చూశాడు.

"అనన్నా, అను," అంది చెవిచీలిక. "ఆ రోజు నేనూ నవ్వాను కదా. ఇప్పుడు నువ్వు అను."

"అంటే కాలు మానుతుందా?" అన్నాడు దున్న. "ఆ పట్టీ కట్టిన రోజు జంతువుల డాక్టరమ్మ ఏమంది, గిన్నెకోడీ? నువ్వక్కడే ఏరుకుంటున్నావుగా."

గిన్నెకోడి మెడ సాగదీసింది. "అందీ... ముతాలెతో అందీ... 'ఈ పెట్టె ఒక పగలూ రాత్రీ కదలకపోతే ఏనుగుకు ఏదో అయిందన్నమాట. నేనెక్కడున్నా బయల్దేరతాను' అని. ఆవిడ జీతం దొరల సొమ్ము కాదట తాతా. ఎక్కడో బళ్లో పంతులమ్మలూ వాళ్లూ తలా కాస్తా వేసుకుని పంపుతారట."

"అయితే చెల్లీ, నువ్వు చచ్చిపోవాలి," అన్నాడు దున్న.

"ఆ?"

"చచ్చినట్టు పడి ఉండాలి. ఇక్కడే, గున్న పక్కన. ఆవిడ వస్తే తీగ కోస్తుంది. కానీ ఒక్క తీగ కోసి వెళ్లిపోతే రేపు ఇంకో పిల్ల కాలు. తీగ పెట్టేవాళ్లు కూడా దొరకాలి. వాళ్లను పిలుచుకురావడానికి మన దగ్గర మంచి నౌకరు ఉన్నాడు."

"నక్కా?"

"నీ దంతాలు చూస్తే వాళ్లు పరుగున వస్తారు. ఊరి దారిలో బండి దుమ్ము లేచాకే నక్కకు నువ్వు పోయిన కబురు చేరాలి. ముందు చేరిందా, నీ తల గొడ్డలి కింద ఉంటుంది. ఆలస్యమైందా, వాళ్లు రాకముందే డాక్టరమ్మ వెళ్లిపోతుంది."

"నా సంగతి వదిలెయ్. గున్న?"

"అందుకే అడుగుతున్నా. నీకు ఇష్టమేనా?"

చెవిచీలిక చెదపుట్టకు వీపు ఆనించి పడుకుంది. అదే జవాబు.

ఏనుగు పక్కకు పడి ఎక్కువసేపు ఉండలేదు. దాని బరువే దాని ఊపిరి మీద కూర్చుంటుంది. ఎండ పొడిచింది. ఈగలు కళ్లలో దూరాయి. కదలకూడదు. పక్కన గున్న మూలుగుతోంది. తొండం చాపి నిమరకూడదు. మందలో మిగతా ఏనుగులు పొదల్లో దాక్కుని చూస్తూ ఏడ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం దాటాక చెట్టు కొసన కూర్చున్న గిన్నెకోడి కూతపెట్టింది. "దుమ్ము! ఊరి దారిలో దుమ్ము!"

అని, కిందికి దూకి, నక్క ఇంటి ముందు గుండెలు బాదుకుంది. "అయ్యో దొడ్డమ్మా! మమ్మల్ని వదిలిపోయావా! అంత దంతాల తల్లీ!"

నక్క చెవులు నిక్కాయి. కానీ అది నక్క. ఎవరి ఏడుపునూ ఉట్టినే నమ్మదు. చెదపుట్ట దాకా వచ్చి చుట్టూ తిరిగింది.

"అత్తా! ఓ అత్తా!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తోక కొరికింది. కదల్లేదు. చీలిన చెవి అంచును పళ్లతో పట్టి పీకింది. నెత్తురొచ్చింది. కదల్లేదు. అప్పుడు గున్న నిజంగానే భయపడి, "అవ్వా, లే అవ్వా!" అని ఏడ్చింది. ఆ ఏడుపులో నాటకం లేదు. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. నక్కకు అది చాలు. నోరెత్తి కూస్తూ కొండ వైపు పరుగెత్తింది.

ఉచ్చులవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. ఒకడి చేతిలో గొడ్డలి, ఒకడి చేతిలో నాటు తుపాకీ, ఒకడి భుజాన తీగల సంచి. నక్క వెంట వేగంగా వస్తున్నారు.

"బండి ఎక్కడే?" అన్నాడు దున్న.

గిన్నెకోడి పైకెగిరి చూసి బిక్కచచ్చిపోయింది. "ఏటి ఇసుకలో దిగబడింది తాతా! అందరూ దిగి తోస్తున్నారు! వాళ్లకు ఇటు ఏం జరుగుతోందో తెలీదు. నేనెంత అరిచినా వాళ్లకు అది కోడి కూతేగా!"

గొడ్డలివాడు చెదపుట్ట ఎక్కి వస్తున్నాడు. చెవిచీలికకు అడుగుల చప్పుడు నేలలోంచి తెలుస్తోంది. లేస్తే వాళ్లు పారిపోతారు, రేపు మళ్లీ తీగలు. లేవకపోతే గొడ్డలి. పక్కన గున్న.

అప్పుడు పొదలోంచి దున్న బయటికొచ్చాడు. పరుగెత్తలేదు. అరవలేదు. నడిచొచ్చి, గొడ్డలివాడికీ ఏనుగుకూ మధ్య అడ్డంగా నిలబడి, ఉన్న ఒక్క కొమ్ము దించాడు.

"పెద్దయ్యా, నీకెందుకీ గొడవ? తప్పుకో!" అని కూసింది నక్క. "నీ తలను ఎవరూ అడగలేదు!"

"ఎవరూ అడగలేదని తెలుసు," అన్నాడు దున్న.

తుపాకీవాడు బెదిరి కాల్చేశాడు. ఆ మోతకు అడవి పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. దున్న ముందు మోకాళ్ల మీదికి వచ్చాడు, తరవాత పక్కకు ఒరిగాడు.

ఏటి ఇసుకలో డాక్టరమ్మ బండిని తోస్తున్నవాళ్లలో ఉన్న ముతాలె తల ఎత్తాడు. బండిని వదిలేసి మోత వచ్చిన వైపు పరుగెత్తాడు. వెనకే మిగతావాళ్లు.

చెవిచీలిక ఇక ఆగలేదు. కొండ లేచినట్టు లేచింది. చచ్చిన ఏనుగు లేచి నిలబడితే గొడ్డలి ఎవడి చేతిలో నిలుస్తుంది? ముగ్గురూ సంచీ, తుపాకీ పారేసి ఏటి వైపు దౌడు తీశారు. సరిగ్గా ముతాలె చేతుల్లోకి పోయి పడ్డారు.

డాక్టరమ్మ వచ్చేసరికి చెవిచీలిక గున్న మీద నీడలా నిలబడి ఉంది. ఎదురుగా ముతాలె. అదే ఖాకీ, మోకాళ్ల దగ్గర మాసికలు. ఊళ్లో ఇటుకలు మోస్తూ బతుకుతున్నవాడు, బండి బయల్దేరుతోందని తెలిసి దారి చూపించడానికి ఎక్కి వచ్చాడు. పడుకుని కదలకుండా ఉండటం ఒక ఎత్తు. తన పిల్ల దగ్గరికి ఆ మనిషి వస్తుంటే నిలబడి కదలకుండా ఉండటం ఇంకో ఎత్తు. చెవిచీలిక ఒక్కో అడుగే వెనక్కి వేసింది. సూదిమందుకు గున్న నిద్రపోయింది. తీగ లోపల ఎముక దాకా ఉంది. డాక్టరమ్మ కోసి తీసింది.

"కాలు నిలుస్తుందా అమ్మా?" అన్నాడు ముతాలె.

"ఇప్పుడే చెప్పలేను. ఇంకో రెండు రోజులైతే అడిగే పని కూడా ఉండేది కాదు."

అంతలో పక్క పొదలో కుయ్యోమని ఏడుపు. ఏనుగు లేచినప్పుడు నక్క కన్నూ మిన్నూ కానక పరుగెత్తి, ఉచ్చులవాళ్లు ఆ పొద్దునే కొత్తగా పెట్టిన తీగలో నడుముదాకా ఇరుక్కుంది. ముతాలె వెళ్లి చూశాడు. పాపం డాక్టరమ్మకు దాని సంగతి ఏం తెలుసు?

"దీన్నీ విప్పు ముతాలె. ఇదీ ప్రాణమే కదా," అంది.

ఖాకీ చేతులు తీగ విప్పాయి. నక్క కళ్లు మూసుకుని పడి ఉంది. సిగ్గుతోనో, నొప్పితోనో అదే చెప్పాలి.

వాళ్లు అవతలికి వెళ్లాక అది కుంటుతూ చెవిచీలిక దగ్గరికి వచ్చింది.

"అయితే నువ్వు చావలేదన్నమాట. మంచిదే అత్తా. ఏదైనా గానీ, ఖాకీ వాళ్లలో కూడా మంచివాళ్లు ఉంటారు సుమా!"

"నీ నడుముకు తెలిసిందా ఆ మాట?" అంది చెవిచీలిక. "ఉచ్చులవాళ్లను పట్టించినందుకు నీకు దండ వెయ్యాలి. పేగులు మాత్రం ఇక దొరకవు. పేడపురుగులు బోలెడున్నాయి, పోయి ఏరుకో."

ఆ రోజు దున్న తలను ఎవరూ కోయలేదు. ఏనుగులు వచ్చి కొమ్మలు కప్పాయి. చట్టం చేసి, చప్పట్లు కొట్టి, బతికించామనుకున్న ప్రాణం అది. సముద్రం దాటని తల, తుమ్మచెట్టు కింద నేలలో కలిసింది.

డాక్టరమ్మ దగ్గరున్న పిండి బస్తాలు ముతాలెకు ఇచ్చింది. అతను మరో ఇద్దరితో చిరిగిన గుడారానికే మళ్లీ కుట్లు వేసుకుని ఉండిపోయాడు. రోజూ అడవి తిరిగి తీగలు పీకి పోగేసేవాడు. ఆ పోగు గుడారం ఎత్తు అయింది. పిండి మాత్రం వానల దాకే.

వానలు వచ్చాయి. కొంగ వచ్చింది.

"ఎలా ఉన్నారు? సంతోషంగా ఉన్నారా?" అని అడిగింది దిగుతూనే. "అక్కడ అందరూ మీరు సంతోషంగా ఉన్నారనే అనుకుంటున్నారు!"

చెవిచీలిక దాన్ని వెంటబెట్టుకుని తీగల పోగు దగ్గరికి తీసుకుపోయింది. పక్కనే గున్న నిలబడి ఉంది, మూడు కాళ్ల మీద బరువు వేసి. తరవాత గుడారం చూపించింది. ముతాలె బస్తా దులిపి, వచ్చిన పిడికెడు పిండిని గిన్నెలో పోసుకుంటున్నాడు. అడవి ఆకు కూర తుంచి అందులో వేసుకుంటున్నాడు.

"ఇది అయిపోయాక?" అంది కొంగ, నీరసంగా.

"అదే మా పెద్దయ్య నిన్ను అడిగాడు. నువ్వు విన్నావు. మేం నవ్వాం," అంది చెవిచీలిక. "చట్టం తప్పని నేననను. మా అన్న తల ఏ గోడ మీద ఉందో, ఇంకో తల ఆ పక్కన చేరకూడదు. కానీ ఆ చప్పట్లు కొట్టినవాళ్లకు చెప్పు. దొర చెయ్యి వెనక్కి లాగారు, ఆ చోట తమ చెయ్యి పెట్టలేదు. ఖాళీ చోటులో తీగ వచ్చి కూర్చుంది. ఇదుగో, ఈ ముక్క ముక్కున కరుచుకుని పో. ఆ గడియారం కింద పడెయ్."

"ఇది చాలా బరువు. అంత దూరం ఎలా మొయ్యను?"

"నా మనవరాలు మోస్తూనే ఉంది."

కొంగ తీగ ముక్క అందుకుంది. నక్క ఎక్కడినుంచో కుంటుతూ వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి.

"కొంగ బావా, అక్కడి వాళ్లతో నా మాట కూడా ఒకటి చెప్పు. కావలివాళ్ల కోసం అడవి తరఫున ఎవరైనా పెద్దమనిషి కావాలంటే నేను..."

గిన్నెకోళ్లన్నీ ఒక్కసారి కేకలేస్తూ దాని మీద పడ్డాయి. నక్క తోక ముడుచుకుని, కుంటుతూ, పేడకుప్ప వైపు పరుగెత్తింది.

గుడారం ముందు ముతాలె గిన్నె నాకి కడిగి, తుపాకీ భుజాన వేసుకుని, ఒకసారి ఊరి దారి వైపు చూసి, అడవిలోకి నడిచాడు. అతను రేపు కూడా ఉంటాడో లేదో అడవిలో ఎవరికీ తెలియదు.

వేటగాడి చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లు, కావలివాడి కంచంలో అన్నం పెట్టేదాకా చప్పట్లు కొట్టకూడదు.